సైటు, సగం పూట పని, కథ: గోదావరి డెల్టాలో ఉంటూ మూడూ నడపాలంటే ఏది ఎలా ఎంచుకోవాలి

ఇష్టం కొద్దీ నడిపే ఒక సైటు, ఇంటికి ఆసరాగా సగం పూట పని, ఎప్పట్నించో మనసులో తిరుగుతున్న ఒక కథో నవలో. ఈ మూడూ ఒకే మనిషి నెత్తిన ఉంటే అందరూ అడిగేది ఒకటే, రోజుకి దేనికి ఎన్ని గంటలు ఇవ్వాలి అని. నేను ఆ లెక్క వెయ్యమని చెప్పను. గంటలు చూసుకుని పని ఎంచుకుంటే గంటలు మిగులుతాయి, కథ రాయడానికి బుర్ర మాత్రం మిగలదు. మీరు అమలాపురంలో ఉన్నా, భీమవరంలో ఉన్నా, గోదావరి మధ్య ఏదో లంక ఊళ్ళో ఉన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. డబ్బుకి చేసే పని మీ బుర్రలో దేన్ని అరగదీస్తోంది, ఆ పని ఏడాదిలో ఏ నెలల్లో మీద పడుతుంది. సైటు ఎక్కడ పెట్టాలి, కథ ఎవరికి పంపాలి అన్నవి ఆ తర్వాత.

దాళ్వాకి, అంటే రబీ వరికి, నీళ్ళు చాలని ఏడాదిలో కాలవలకి వంతులవారీగా వదులుతారు కదా. అన్నిటికీ ఒకేసారి కాస్త కాస్త వదిలితే శివారు పొలానికి చుక్క చేరదని, కొన్ని రోజులు ఒక కాలవకి నిండుగా ఇచ్చి, తర్వాత ఇంకోదానికి తిప్పుతారు. టైము కూడా అలాగే తిప్పాలని నా గట్టి నమ్మకం. రోజూ అరగంట సైటు, అరగంట కథ అని పెట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను, రెండూ శివారు పొలాల్లాగే ఎండాయి. కొన్ని వారాలు పూర్తిగా కథ, కొన్ని వారాలు పూర్తిగా సైటు, పని మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ఈ పద్ధతి కుదరాలంటే పని కూడా దానికి తగ్గది దొరకాలి.

ముందు పని సంగతి

మిగతా రెండూ దీని చుట్టూ సర్దుకుంటాయి కాబట్టి ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే.

రాయడం వచ్చినవాళ్ళు ఎవరైనా మొదట చూసేది ఇంట్లోంచి చేసే కంటెంట్ రైటింగ్, అనువాదం, సబ్‌టైటిళ్ళ వైపే. బస్సు ఖర్చు లేదు, వానలో తడవక్కర్లేదు, వచ్చిన భాషే పెట్టుబడి. కానీ కథ రాయాలనుకునేవాళ్ళకి నేను ఆఖరున చెప్పే పని ఇదే. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎవరిదో మిక్సీ గురించో, ఎవరిదో కోచింగ్ సెంటర్ గురించో వాక్యాలు కట్టి కట్టి, సాయంత్రం మీ కథ తెరిస్తే అవే వాక్యాలు వస్తాయి, అదే "అద్భుతమైన అనుభూతి", అదే "మీ కోసమే ప్రత్యేకంగా". చెవి పాడవుతుంది. చెవి బాగుపడటానికి ఒక రాత్రి నిద్ర చాలదు. పైగా జీతం మీద ఉద్యోగిగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే అని మన 1957 కాపీరైట్ చట్టంలోనే ఉంది, కాబట్టి అక్కడ రాసిన మంచి పేరా ఏదైనా ఉంటే దాన్ని మీ పుస్తకంలోకి తెచ్చుకోవడానికి లేదు. అనువాదం కొంచెం నయం, ముఖ్యంగా ఆఫీసు కాగితాలు, వ్యవసాయ కరపత్రాలు లాంటివి, వాటిలో మీ గొంతు పెట్టాల్సిన పని లేదు. డబ్బు అవసరం గట్టిగా ఉండి ఇదే చెయ్యాల్సి వస్తే, కథ వంతు వచ్చిన వారాల్లో పని ఒప్పుకోకండి, మిగతా వారాల్లో రెట్టింపు చెయ్యండి.

డీటీపీ పని వేరు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు. తణుకు, పాలకొల్లు, రాజోలు, ఏ ఊరి సెంటర్లో చూసినా ఇలాంటి షాపు ఉంటుంది, సగం పూట వచ్చి టైపు చేసి పెట్టేవాళ్ళ కోసం వెతుకుతూనే ఉంటారు. అక్షరాలతోనే పని అయినా మాటలు మీవి కావు, వచ్చే మాటలు కూడా అవే అవే వస్తాయి. వేళ్ళు, కళ్ళు అలిసిపోతాయి గానీ లోపల కథ కదలకుండా ఉంటుంది. దీనికి సీజను స్పష్టంగా ఉంటుంది, అదే దీని గొప్పతనం. మాఘం, ఫాల్గుణం, వైశాఖం పెళ్ళిళ్ళతో ఊపిరాడదు. ఆషాఢం, పుష్యం వస్తే ముహూర్తాలు ఉండవు, షాపులో ఫ్యాన్ కింద కూర్చోవడమే. అంటే ఏడాదికి రెండుసార్లు ఖాళీ ఎప్పుడొస్తుందో పంచాంగమే చెప్పేస్తుంది.

డీటీపీ చేస్తూ సైటు నడిపేవాళ్ళు ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. షాపుల్లో ఇప్పటికీ చాలా చోట్ల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతోనే పని. అనులో టైపు చేసినది లోపల తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మ. ఆ ఫాంటు లేని ఫోన్లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, గూగుల్‌లో వెతికితే దొరకదు. అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక ఒత్తుల దగ్గరా అంకెల దగ్గరా ఏదో ఒకటి చెడుతుంది, ప్రతి పేజీ కూర్చుని దిద్దుకోవాలి. షాపులో చేతికి అలవాటైంది కదా అని కథని కూడా అనులో కొట్టేస్తే తర్వాత ఆ దిద్దుబాటుకే ఒక వంతు ఖర్చవుతుంది. షాపులో అను, ఇంట్లో యూనికోడ్. పత్రికలు రెండూ తీసుకుంటాయి చాలావరకు, సైటు మాత్రం యూనికోడ్ తప్ప ఒప్పుకోదు.

ట్యూషన్లు మన దగ్గర అందరికీ తెలిసిన దారి. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది, పొద్దున్న అంతా మీదే. మాట్లాడి మాట్లాడి రాత్రికి గొంతు పోతుంది కాబట్టి ఇది పొద్దున్న రాసుకునేవాళ్ళకి పనికొస్తుంది, రాత్రి రాసేవాళ్ళకి పనికిరాదు. పదో తరగతి పిల్లలుంటే సంక్రాంతి దాటినప్పటి నుంచి పరీక్షలయ్యేదాకా మీ తలలో ఇంకేమీ ఉండదు, ఉండకూడదు కూడా, ఆ పిల్లలు మిమ్మల్ని నమ్ముకుని వచ్చారు. ఆ తర్వాత జూన్ దాకా ఖాళీ. బడి పంతులుగా ఉంటూ సొంత పత్రిక నడపడం ఈ గడ్డకి కొత్తేమీ కాదు, కందుకూరి వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని మొదలుపెట్టినప్పుడు ఆయన చేస్తున్నదీ పంతులు పనే.

ఇక రొయ్యల చెరువుల దగ్గర లెక్కల పని. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఉన్నవాళ్ళకి ఇది తేలిగ్గా దొరుకుతుంది, డబ్బూ మిగతావాటికంటే బాగుంటుంది. మేత బస్తాల లెక్క, కరెంటు బిల్లులు, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ల డీజిలు, కూలీల పద్దు, అంతవరకు హాయిగానే ఉంటుంది. పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టే రోజు, మాత్రం మీది కాదు. ముందు రోజు రాత్రి ఫోనొస్తుంది, "ఏమ్మా, తెల్లారుజామున పట్టుబడి పెట్టాం, రాగలవా?" అని. రాలేనండి అనడానికి ఉండదు. ఇంకా చీకటిగా ఉండగానే గట్టు మీద లైట్లు పెట్టి వల లాగుతుంటారు, పక్కన ఐసు లారీ ఉంటుంది. ట్రేలోంచి ఒక కేజీ తూచి ఎన్ని రొయ్యలొచ్చాయో లెక్కపెడతారు, ముప్ఫై వస్తే ముప్ఫై కౌంట్, వంద వస్తే వంద కౌంట్, ఆ అంకెని బట్టే రేటు. ఆ అంకె దగ్గర రైతుకీ కొనేవాడికీ నడిచే మాటలు వింటే ఒక కథకి సరిపడా సంభాషణ అక్కడే దొరుకుతుంది. కానీ ఆ రోజూ మర్నాడూ మీరు ఏమీ రాయలేరు. పట్టుబడి ఎప్పుడు పడుతుందో రేటుని బట్టీ, రొయ్యకి వచ్చిన జబ్బుని బట్టీ మారిపోతుంది కాబట్టి వంతులు పెట్టుకోవడం కష్టం. నవల రాస్తున్నవాళ్ళకి ఇది వద్దంటాను. చిన్న కథలు రాసేవాళ్ళకి, సైటు పెద్దగా పట్టించుకోనక్కర్లేనివాళ్ళకి ఇదే మంచిది.

నేను చేసేది కొబ్బరి వ్యాపారి దగ్గర సాయంత్రం పద్దులు. మా వైపు అంబాజీపేట మార్కెట్ ధరే అందరికీ ప్రమాణం, వెయ్యి కాయలకి ఇంత అని చెబుతారు, ఆ ధర రోజూ కనుక్కుని, వచ్చిన లోడు, తీసేసిన కాయ, దింపుడు కూలి రాసి కూడికలు వెయ్యాలి. కూడిక సరిపోయిందంటే ఆ రోజు పని నిజంగా అయిపోయినట్టే, ఇంటికి ఏమీ వెంట రాదు. అంకెల పని మాటల్ని ముట్టుకోదు. నా వరకు రాసేవాళ్ళకి ఇంతకంటే మంచి సగం పూట పని లేదు. రైస్‌మిల్లు పద్దు, మందుల షాపు బిల్లింగ్, కడియం నర్సరీల్లో ఆర్డర్లు రాసుకోవడం, ఇవన్నీ ఈ జాతే. జీతం తక్కువ, అది నిజం, ఇంటికి నెలకి కచ్చితంగా ఎంత కావాలో ముందే రాసుకుని ఆ అంకె అందుతుందో లేదో చూసుకోండి. అందకపోతే ఇక్కడి నుంచి చదవడం ఆపి ముందు ఆ పని చూసుకోవాలి, అప్పు టెన్షన్ మీద కథ సాగదు.

సైటు: దేని మీద, ఎక్కడ

సైటు విషయంలో అందరూ హోస్టింగ్, అంటే సైటుకి చోటు ఎక్కడ తీసుకోవాలన్న దాని గురించి మొదలుపెడతారు. నన్నడిగితే మొదట అడగాల్సింది మీరు పెట్టే పేజీ ఎన్నాళ్ళకి పాతబడుతుంది అని. సినిమా కబుర్లు, రేట్లు, ఎన్నికలు, వరద నీటిమట్టం, ఇవన్నీ రోజూ మార్చాల్సినవి. రోజూ మార్చాల్సిన సైటు అంటే అది ఇంకో ఉద్యోగం, జీతం లేని ఉద్యోగం. సగం పూట పనీ కథా ఉన్నవాళ్ళు అది పెట్టుకోకూడదు.

ఉదాహరణకి వరదే తీసుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి ఇప్పుడు ఎన్ని అడుగులుందో అధికారులు గంట గంటకీ చెబుతారు, వాళ్ళతో మనం పోటీ పడక్కర్లేదు. కానీ "మొదటి ప్రమాద హెచ్చరిక" అంటే ఏమిటో వివరంగా చెప్పే పేజీ ఒక్కసారి రాస్తే ప్రతి శ్రావణంలోనూ జనం చదువుతారు. 11.75 అడుగులు, 10 లక్షల క్యూసెక్కులైతే మొదటిది, 13.75 అడుగులు, 13 లక్షలైతే రెండోది, 17.75 అడుగులు, 17 లక్షలైతే మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది, 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఏ హెచ్చరికకి ఏ లంక రోడ్డు మునుగుతుంది, ఏ కాజ్‌వే మీద పడవ వెయ్యాల్సి వస్తుంది. ఆ చివరి వాక్యం మీ ఊరివాళ్ళు తప్ప ఇంకెవరూ రాయలేరు. అలాంటివి ఎంచుకోండి.

నాది కాలవల లాకుల మీద సైటు, లాకులంటే కాలవలో పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకోదానికి దాటించే తలుపుల కట్టడాలు. 1852కి పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట, దాని స్థానంలో 1982కి తయారైన ఇప్పటి బ్యారేజీ, ధవళేశ్వరం, ర్యాలీ, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాలు కలిపి 175 గేట్లు, ఇవి ఇక మారవు. ఒక లాకు పేజీ రాసి వదిలేస్తే మూడేళ్ళయినా చెల్లుతుంది. నర్సాపురం లేసు పని కుట్లు, ఆత్రేయపురం పూతరేకుల కుండ ఎలా కాలుస్తారు, మీ ఊరి తీర్థం, మీ తాతల నాటి పడవ పేర్లు, అన్నీ పాతబడనివే.

ఎక్కడ పెట్టాలంటే, చాలామందికి గూగుల్ వాళ్ళ బ్లాగరే చాలు. ఉచితం, అప్‌డేట్ల గొడవ లేదు, మీరు ఆరు నెలలు కన్నెత్తి చూడకపోయినా అలాగే ఉంటుంది, సొంత డొమైన్, అంటే సైటు పేరు, కొనుక్కుంటే దానికి తగిలించుకోవచ్చు కూడా. చూడ్డానికి కాస్త పాతకాలంగా ఉంటుంది, ఉండనివ్వండి. సొంత హోస్టింగ్ కొనుక్కుని వర్డ్‌ప్రెస్ పెట్టుకుంటే అందంగా ఉంటుంది, కానీ ప్లగిన్లు, థీములు ఎప్పటికప్పుడు అప్‌డేట్ చెయ్యకపోతే ఎవడో లోపలికి దూరి మీ లాకుల పేజీలో జూదం ప్రకటనలు పెడతాడు. మొదటి ఏడాది చౌకగా చూపించి రెన్యువల్‌కి బాగా ఎక్కువ అడగడం హోస్టింగ్ వ్యాపారంలో మామూలు, కొనేముందు రెన్యువల్ ధర చదవండి. మరమ్మతులు చెయ్యడం సరదా ఉన్నవాళ్ళకే ఇది. కాస్త హెచ్‌టీఎంఎల్ వచ్చినవాళ్ళు గిట్‌హబ్ పేజెస్ చూడండి, ఉచితం, వేగం, హ్యాక్ చెయ్యడానికి వెనకాల ఏమీ ఉండదు, నా సైటు అక్కడే ఉంది. ఫోన్లోంచి నడపడం మాత్రం కష్టం.

ఏది పెట్టినా డొమైన్ మీ పేరు మీద, మీ మెయిల్ మీద కొనండి, చేసిపెట్టిన తమ్ముడి మెయిల్ మీద వద్దు, ఆ తమ్ముడు రేపు హైదరాబాదు వెళ్ళిపోతాడు. వీలైతే రెండు మూడేళ్ళకి ఒకేసారి కట్టెయ్యండి, కథ వంతులో ఉండగా డొమైన్ పోయిందన్న కబురు వినక్కర్లేదు. ఫొటోలు ఫోన్లో తీసినవి తీసినట్టు ఎక్కించకండి, ఒక్కోటి నాలుగైదు ఎంబీలు ఉంటుంది, లంకల్లో సిగ్నల్‌కి అది తెరుచుకోదు. రెండు వందల కేబీకి తగ్గించండి, అసలు ఫొటో వేరే దాచుకోండి.

ప్రకటనల డబ్బు గురించి ఒక్క మాట. గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ తెలుగు పేజీల్ని 2018 నుంచి ఒప్పుకుంటోంది. వంద డాలర్లు జమయ్యాకే పంపుతుంది, ఈలోగా మీ అడ్రసుకి పోస్టులో వచ్చే పిన్ నంబరు ఎక్కించాలి. లాకుల మీదా లేసు మీదా రాసే సైటుకి ఆ వంద ఎప్పుడు నిండుతుందో చెప్పలేం, నింపాలని మొదలుపెడితే రోజూ ఏదో ఒకటి రాయాల్సి వస్తుంది. నేను పెట్టుకోలేదు, మీరూ పెట్టుకోకండి.

కథ సైట్లో పెట్టాలా, పత్రికకి పంపాలా

మూడూ కలిసి ఉన్నప్పుడు ఎక్కువమంది తికమకపడేది ఇక్కడ. చేతిలో సైటుంది, రాత్రి కథ పూర్తయింది, పొద్దున్నకి పెట్టేస్తే సాయంత్రానికి నలుగురు చదువుతారు. పత్రికకి పంపితే నెలలు పడుతుంది, కొన్నిసార్లు జవాబే రాదు. ఆశ ఎటు లాగుతుందో చెప్పక్కర్లేదు.

కానీ పత్రికలు, పోటీలు దాదాపు అన్నీ హామీపత్రం అడుగుతాయి. ఈ కథ నా సొంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు, ఇంతకుముందు ఎక్కడా అచ్చు కాలేదు, బ్లాగుల్లో, ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో రాలేదు, వేరే ఎక్కడా పరిశీలనలో లేదు అని సంతకం పెట్టాలి. సైట్లో ఒక్క రాత్రి పెట్టి తీసేసినా ఆ సంతకం అబద్ధమే అవుతుంది. కాబట్టి దారి ఒకవైపే ఉంది, పత్రిక నుంచి సైటుకి రావచ్చు, సైటు నుంచి పత్రికకి పోలేం.

నా సలహా, కథ ముందు బయటికే పంపండి. డబ్బు కోసం కాదు, ఇచ్చే పారితోషికం చిన్నదే, కొన్ని ఇవ్వవు కూడా. మిమ్మల్ని ఎరగని ఒక సంపాదకుడు చదివి వేసుకోవడమో వెనక్కి పంపడమో జరిగితే ఆ కథ గురించి మీకొక నిజం తెలుస్తుంది, మన సైట్లో చదివేవాళ్ళు మనవాళ్ళు, బాగుందనే అంటారు. ఒక కథ ఒకసారికి ఒక చోటికే పంపండి, ఏ తేదీన ఎక్కడికి పంపారో ఒక పుస్తకంలో రాసుకోండి, మూడు నెలలు దాటితే మర్యాదగా ఒక ఉత్తరం రాసి వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి ఇంకోచోటికి పంపండి. ప్రతిలిపి లాంటి ఆన్‌లైన్ కథల సైట్లలో పెడితే చదివేవాళ్ళు వెంటనే దొరుకుతారు, సీరియల్‌గా రోజూ రాయగలిగినవాళ్ళకి అక్కడ మంచి ఆదరణ ఉంది. కానీ అక్కడ కూడా రోజూ అన్న మాటే ఉంది, వంతుల పద్ధతికి అది కుదరదు.

హక్కుల సంగతి తెలిసి ఉండటం మంచిది. కథ రాసినవాళ్ళకి బతికున్నన్నాళ్ళూ, ఆ తర్వాత 60 ఏళ్ళూ హక్కు ఉంటుంది. పత్రికలో వచ్చినంత మాత్రాన హక్కు వాళ్ళకి పోదు, మీరు రాసిస్తేనే పోతుంది. రాసిచ్చిన కాగితంలో ఎన్నేళ్ళో లేకపోతే అయిదేళ్ళనే చట్టం లెక్కిస్తుంది, ఎక్కడివరకో లేకపోతే భారతదేశం వరకే. కాబట్టి పోటీ నిబంధనల్లో "సర్వహక్కులు నిర్వాహకులవే" అని ఉంటే ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగి, బహుమతి మొత్తం చూసి, ఈ కథ రేపు మీ సంపుటిలో వేసుకోవాలని ఉందో లేదో ఆలోచించుకుని అప్పుడు పంపండి.

సైట్లో కథలు అచ్చయ్యాక పెట్టుకోండి, ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో కింద రాసి. కవితలు, చిన్న జ్ఞాపకాలు నేరుగా సైట్లో పెట్టినా నష్టమేమీ లేదు.

రెండు రాతలూ ఒకే రోజు వద్దు

సైటుకి రాసేటప్పుడు ప్రతి వాక్యం వెనకాల ఆధారం వెతుక్కుంటాం. ఈ లాకు ఏ ఏడు కట్టారు, ఈ రాయి ఎక్కడి నుంచి వచ్చింది, ఈ మాట ఎవరు చెప్పారు. వెతుక్కోవాలి కూడా, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో ఒక పాత గెజెటియర్ కోసం పూటంతా కూర్చుంటే గానీ ఒక్క సంవత్సరం తేలదు. అదే రోజు రాత్రి కథ ముందు కూర్చుంటే ఆ అలవాటు వదలదు. లాకు కాపలాదారు భార్య ఏం ఆలోచించిందో రాయాల్సిన చోట లాకు తలుపు ఎన్ని అడుగులో రాస్తాం. చదివేవాళ్ళకి ఆ అడుగులు అక్కర్లేదు. అందుకే వారాల చొప్పున తిప్పమనడం. సైటు కోసం పోగుచేసింది కథలోకి రావాలంటే మధ్యలో కొంతకాలం మరిచిపోవాలి, మరిచిపోయాక కూడా గుర్తున్నదేదో అదే కథకి పనికొచ్చేది.

ఇంకొకటి. సైటు కోసమని ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తే ఆయన ఇంటి సంగతులు కూడా చెప్పేస్తారు. అవి సైట్లో పెట్టడానికి అడిగి తీసుకున్నవి కావు. కథలో వాడుకోవాలంటే ఊరు, వృత్తి, చుట్టరికం అన్నీ మార్చి, ఆయన మనవరాలు చదివినా పోల్చుకోలేనట్టు ఉండాలి. లేదా "తాతగారూ, ఇది కథలో వాడుకుంటానండి" అని అడగాలి. చాలామంది సరే అంటారు.

నెలలవారీగా ఎలా పడుతుందంటే

సంక్రాంతి నెలలో ఏమీ పెట్టుకోకండి, చుట్టాలు, కోడిపందాలు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. ప్రభల మీద సైటు ఉన్నవాళ్ళు ఫొటోలు తీసుకోండి, రాయడం తర్వాత. ఫిబ్రవరి, మార్చిల్లో పరీక్షలూ పెళ్ళిళ్ళూ, పని వంతు అనుకోండి.

దాళ్వా కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు, జూన్‌లో మళ్ళీ వదిలేదాకా. సైటుకి ఇదే సరైన కాలం, నాలాగా నీళ్ళ చుట్టూ రాసేవాళ్ళకైతే ఇక చెప్పక్కర్లేదు. ఏడాదంతా నీటి కింద ఉండే లాకు అడుగు రాళ్ళు, తలుపు కూర్చునే గాడి, రాతి మెట్ల మీద పడవ తాళ్ళు ఒరుసుకున్న చారలు అప్పుడే బయటపడతాయి. ఎండ తీవ్రంగా ఉంటుంది కాబట్టి పొద్దున్న ఏడింటి లోపు వెళ్ళి వచ్చెయ్యాలి. మధ్యాహ్నం ఉక్కలో కథ రాయడం ఎలాగూ కుదరదు, ఫొటోలు తగ్గించుకోవడం, పేర్లు పెట్టుకోవడం లాంటి చేతిపని చేసుకోవచ్చు.

కథకి ఆషాఢ శ్రావణాలు. కొత్త నీళ్ళు, ఊడ్పులు, ముసురు, పెళ్ళిళ్ళు ఆగి షాపులు ఖాళీ. ట్యూషన్లు అప్పుడే మొదలవుతాయి గానీ ఇంకా బరువెక్కవు. తిరగడానికి వీలుండదు కాబట్టి సైటు ఎటూ ముందుకి సాగదు. పొలం ఉన్నవాళ్ళకి మాత్రం సార్వా, అంటే వానాకాలం వరి, ఊడ్పులయ్యేదాకా ఇది వర్తించదు, వాళ్ళు ఒక నెల ఆలస్యంగా మొదలుపెట్టుకోవాలి. లంకల్లో వరద వచ్చిన వారం ఏ వంతూ లేదు, సామాన్లు పైకి ఎక్కించుకోవడమే. దసరా నుంచి రాసినదాన్ని దిద్దుకుని పంపడం, సంక్రాంతి ప్రత్యేక సంచికలకి కథలు నెలల ముందే వెళ్ళాలి.

అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలు. 1996 నవంబరు తుఫాను చూసిన ఇళ్ళలో కాగితాలు ఎలా పోయాయో పెద్దవాళ్ళని అడగండి. చేత్తో రాసే అలవాటున్నవాళ్ళు నోటుపుస్తకం ప్రతి పేజీ ఫొటో తీసి మెయిల్లో పెట్టుకోండి, బ్లాగర్ వాడేవాళ్ళు సెట్టింగుల్లోంచి బ్యాకప్ ఫైలు దించుకోండి, రెండూ దసరా లోపు.

మూడిట్లో ఒకటి ఆపాల్సి వస్తే సైటు ఆపండి. డబ్బు ఆగితే ఇల్లు ఆగుతుంది. సగంలో ఉన్న కథని ఎక్కువకాలం వదిలేస్తే తిరిగి వెళ్ళినప్పుడు ఆ మనుషులు మనతో మాట్లాడరు. పాతబడని పేజీలున్న సైటు మాత్రం ఏడాది ఊరుకున్నా చదువుతూనే ఉంటారు. ముందు పేజీలో "కొత్త పేజీలు కాలవలు కట్టేశాక" అని ఒక్క వరుస రాసి పెట్టండి, ఎవరూ తప్పు పట్టరు.

ఇల్లు చూసుకుంటూ సైటూ కథా రెండూ చెయ్యాలనుకునే అక్కలు, వదినలు నన్ను అడుగుతుంటారు, మాకు పార్ట్ టైమ్ పనే లేదు కదా మరి మాకెందుకు టైము మిగలదు అని. వంట, పిల్లలు, పెద్దవాళ్ళు, మధ్యాహ్నం లేసు కుట్టడం, ఇదంతా పనే అమ్మా, ఫుల్ టైమ్ పని. మీరు ముందు సైటు జోలికి వెళ్ళకండి, కథ ఒక్కటే పెట్టుకోండి. కంప్యూటర్ కోసం ఆగక్కర్లేదు, ఫోన్లో జీబోర్డు కీబోర్డుకి తెలుగు కలుపుకుని మైకు గుర్తు నొక్కి చెబితే అదే టైపు చేస్తుంది, మన గోదావరి యాసకి కొన్ని మాటలు తప్పుగా పడతాయి, అవి తర్వాత దిద్దుకోవచ్చు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక పెరట్లో కూర్చుని ఒక సంభాషణ చెప్పుకోండి చాలు. ఫోన్‌లో గూగుల్ డాక్స్ పెట్టుకుంటే రాసింది ఫోను పోయినా పోదు. కథ ఒకటి ఎక్కడైనా అచ్చయ్యాక, పిల్లల వేసవి సెలవుల్లో, వాళ్ళ చేతే బ్లాగర్ పేజీ పెట్టించండి, డొమైన్ కొంటే మాత్రం మీ పేరు మీదే.